ఎదుటివాని ఎత్తు

“మా అబ్బాయికి పదకొండేళ్ళు. రెండేళ్ళుగా చదరంగం నేర్చుకుంటున్నాడు. గెలిచిన నాడు ఇల్లంతా ఈద్‌లా వుంటుంది. ఓడిన నాడు వాడు అన్నం ముట్టడు. వాళ్ళ అబ్బా వాణ్ణి బండి మీద ఇంటికి తెచ్చేదాకా ఒక్క మాటా మాట్లాడరు. ఈ ఆట ఆడించవచ్చునా? ఆడిస్తే, వాడికి పట్టిన ఈ గెలుపు పిచ్చి తగ్గేదెలా?”

కోస్తాలోని ఒక పట్టణం నుండి ఒక సోదరి వ్రాసిన ఉత్తరంలోని మాటలివి. ఇటువంటి ఉత్తరం ఇరవై ఏళ్ళ క్రితం వచ్చి వుంటే వింతగా తోచేది. ఇప్పుడు హైదరాబాదు, విజయవాడ, గుంటూరు, వరంగల్లు వంటి చోట్ల సెలవు రోజు వస్తే ఏదో ఒక ఫంక్షన్ హాలులోనో పాఠశాల ఆవరణలోనో చదరంగం బల్లలు బారులు తీరుతున్నాయి. లోపల పిల్లలు కూర్చుంటారు. మూసిన తలుపుల వెలుపల తల్లిదండ్రులు నిలబడి వుంటారు. చాలా సందర్భాలలో లోపలివారి కంటే వెలుపలివారి ముఖాలే ఎక్కువగా పాలిపోయి వుంటాయి.

మొదటి ప్రశ్నకు తీర్పు చెప్పే అధికారం ఈ శీర్షికకు లేదు. తెలిసినంత మాత్రం చెబుతాను. అరబ్బులకు ఈ ఆట ఇరాన్ విజయం తరువాతనే బాగా పరిచయమైంది. కనుక ధర్మవేత్తలు దీనిని ఇతర ఆటలతో పోల్చి విచారించవలసి వచ్చింది. పాచికలతో ఆడే నర్ద్‌ను దైవప్రవక్త (స) గర్హించిన హదీసు సహీహ్ ముస్లింలో వున్నది. కొందరు పండితులు చదరంగాన్ని దానితో జత చేశారు. పాచిక పాటును బట్టి నడిచే ఆట వేరు, ఆలోచనను బట్టి నడిచే ఆట వేరు అని మరికొందరు అన్నారు. హనఫీ గ్రంథాలు దీనిని మక్రూహ్‌గానే పరిగణించాయి. షాఫయీ మస్లక్‌లో పందెం లేకుండా, నమాజు వేళ తప్పకుండా, నోరు జారకుండా ఆడేవారికి కొంత వెసులుబాటు వున్నది. అదీ ప్రోత్సాహంతో ఇచ్చినది కాదు. మన రెండు రాష్ట్రాలలో అత్యధికులు హనఫీలు. హైదరాబాదులోని బార్కస్ అరబ్బు కుటుంబాల వంటి షాఫయీలు కొద్దిమంది. ఎవరి మస్లక్‌ను బట్టి వారు తమకు తెలిసిన ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవడమే మార్గం. అడిగేటప్పుడు ఆట సంగతితో ఆగక, ప్రవేశ రుసుముల సొమ్మునే బహుమతులుగా పంచే పోటీల సంగతి కూడా విడిగా అడగండి. చాలామంది దీనిని మరచిపోతారు. జుహర్ వేళ రౌండు నడుస్తుంటే ఏమి చేయాలో కూడా ముందే తేల్చుకోండి.

ఇక రెండవ ప్రశ్న. ఉత్తరం రెండు మూడు సార్లు చదివిన మీదట, ఆ పిల్లవానికి గెలుపు పిచ్చి పట్టిందని నాకు తోచలేదు. వానికి పట్టినది ఓటమి భయం. ఈ రెండూ ఒకటి కావు. గెలవాలనుకునే పిల్లవాడు బల్లను చూస్తాడు. భయపడే పిల్లవాడు మాటిమాటికీ తలుపు వైపు చూస్తాడు.

మన తెలుగులో ఈ ఆటకు సంబంధించిన మాటలు నిత్య వ్యవహారంలోకి ఎంతగా వచ్చి చేరాయో గమనించారా? ఎవరినైనా నిలువరిస్తే ‘ఆట కట్టించాడు’ అంటాం. యుక్తికి ప్రతియుక్తి పన్నితే ‘ఎత్తుకు పైఎత్తు’ అంటాం. ఈ రెండవ నుడికారంలోనే చదరంగ వ్యూహమంతా ఇమిడి వున్నదని నా అభిప్రాయం. పైఎత్తు వేయాలంటే ముందుగా ఎత్తును చూడాలి. ఎదుటివాడు ఈ బంటును ఎందుకు కదిపాడు? ఆ గుర్రం అక్కడికి ఎందుకు వచ్చింది? నేను ఇప్పుడు ఏమీ చేయకుంటే అతడు ఏమి చేయబోతున్నాడు? కొత్తగా నేర్చుకునే పిల్లల ఓటములలో అత్యధిక భాగం ఈ ప్రశ్న వేసుకోకపోవడం వల్లనే కలుగుతాయి. వాళ్ళు తమ మనసులోని పథకాన్నే చూస్తారు. ఎదుట కూర్చున్నది కూడా ఆలోచించే మనిషేనన్న సంగతి, తమ మంత్రి పోయిన తరువాత గాని గుర్తుకు రాదు.

ఇది నేటి పిల్లల లోపం మాత్రమే కాదు. అబ్బాసీయుల కాలంలో బాగ్దాదులో ఆడిన షత్రంజ్‌లో పావుల నడక చాలా నెమ్మది. బంటు మొదటి ఎత్తులోనైనా ఒక్క గడే జరిగేది. నేడు మంత్రి వున్న స్థానంలో వుండే ‘ఫర్జీన్’ మూలగా ఒక్క గడి మాత్రమే కదిలేది. అందుచేత ఆటగాళ్ళు మొదటి పది పన్నెండు ఎత్తులలో ఎవరి మొహరింపును వారు కట్టుకునేవారు. దానిని ‘తాబియా’ అనేవారు. రెండు సేనలు తలపడే వరకు ఎదుటివానితో పెద్దగా పని వుండేది కాదు. అసలు ఆట ఆ తరువాతనే మొదలయ్యేది. నేడు కోచ్ చెప్పిన ఆరంభపు ఎత్తులను వల్లెవేసుకొని వచ్చి, చకచకా పన్నెండు ఎత్తులు వేసి, పదమూడవ ఎత్తు దగ్గర తెల్లబోయే పిల్లలను చూస్తే నాకు ఆ తాబియాలే గుర్తుకు వస్తాయి.

ఆ కాలపు మేటి ఆటగాడు అబూబక్ర్ అస్సూలీ. ఆయన చరిత్రకారుడు, సాహిత్యవేత్త కూడా. ఖలీఫా అల్ముక్తఫీ (902-908) దర్బారులో అప్పటికి అల్మావర్దీ అనే ఆటగాడు ఖలీఫాకు ప్రీతిపాత్రుడు. ఇద్దరికీ పోటీ పెట్టారు. ఖలీఫా తన అభిమానాన్ని దాచుకోలేదు, ఆట నడుస్తుండగానే అల్మావర్దీని బాహాటంగా ప్రోత్సహించాడు. దానితో అస్సూలీ మొదట్లో కొంత తడబడ్డాడని చరిత్రకారుడు మస్‌వూదీ వ్రాశాడు. తరువాత నిలదొక్కుకొని స్పష్టంగా గెలిచాడు. ఖలీఫా అభిమానం కూడా అటు నుండి ఇటు మారింది. గెలిచినవాని వైపు తిరగడం ఏలికలకు కొత్త కాదు. నాకు ఈ కథలో ముఖ్యమనిపించేది ఆ మొదటి తడబాటు. అంతటి ప్రతిభావంతుణ్ణి సైతం, చూస్తున్నవారి ముఖం కాసేపు తికమక పెట్టగలిగింది. పదకొండేళ్ళ పిల్లవాని మాట చెప్పాలా?

ఆయన మిగిల్చిపోయిన ఒక సమస్య వున్నది. బల్ల మీద ఇద్దరు రాజులు, ఇద్దరు ఫర్జీన్‌లు తప్ప మరేమీ లేవు. తెల్లపావులవారు గెలవాలి. తానూ, తన వద్ద నేర్చినవారూ తప్ప దీనిని ఎవరూ విప్పలేరని ఆయన చెప్పుకున్నాడు. వెయ్యేళ్ళకు పైగా ఆ మాట నిలిచింది. 1980లలో రష్యా గ్రాండ్‌మాస్టర్ యూరీ అవెర్‌బాఖ్ దానికి పరిష్కారం చూపాడు.

మన ఉపఖండం నుండి వెళ్ళిన ఒక ఆటగాని కథను కొంచెం వివరంగా చెప్పాలి. నేర్పు ఎక్కడి నుండి వస్తుందన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

మీర్ సుల్తాన్ ఖాన్ నేటి పాకిస్తానీ పంజాబులోని మిఠా తివానాలో, గత శతాబ్దపు తొలి సంవత్సరాలలో జన్మించాడు. తొమ్మిదేళ్ళ వయసులో తండ్రి వద్ద చదరంగం నేర్చుకున్నాడు. అది మన దేశీయ పద్ధతి చదరంగం. ఐరోపా పద్ధతికీ దానికీ తేడాలున్నాయి. దేశీయ ఆటలో బంటు ఎప్పుడూ ఒక్కొక్క గడే నడుస్తుంది. ఐరోపావారి ‘కాస్లింగ్’ వంటిది అందులో లేదు, రాజు ఒక్కసారి మాత్రం గుర్రం వలె దూకవచ్చు. ఆ ప్రాంతపు జమీందారు సర్ ఉమర్ హయాత్ ఖాన్ ఆయన ప్రతిభను గుర్తించి, ఐరోపా నియమాలు నేర్పించాడు. 1928లో అఖిల భారత పోటీలో ఆయన గెలిచాడు. 1929 వసంతంలో జమీందారు ఆయనను లండన్‌కు తీసుకువెళ్ళాడు.

అక్కడ ఆయన సాధన కోసం ఒక చిన్న పోటీ ఏర్పాటు చేశారు. అందులో ఆయన చిట్టచివరి స్థానం పంచుకున్నాడు. ఆరంభపు ఎత్తుల శాస్త్రం ఆయనకు తెలియదు. ఐరోపావారు తరతరాలుగా పుస్తకాలలో పోగుచేసిన జ్ఞానమది. ఆటగాళ్ళు వింటర్, యేట్స్ ఆయనకు కొంత తర్ఫీదు ఇచ్చారు. కొద్ది నెలలకే, అదే వేసవిలో, రామ్స్‌గేట్ అనే సముద్రతీర పట్టణంలో జరిగిన బ్రిటిష్ చాంపియన్‌షిప్‌ను ఆయన గెలుచుకున్నాడు.

ఆ కొద్ది నెలలలో ఐరోపా శాస్త్రమంతా ఆయన ఒంటబట్టిందని అనుకోవడానికి వీలులేదు. తరువాతి ఆటలలో కూడా ఆరంభంలో ఆయన పలుమార్లు చిక్కులలో పడ్డాడు. కాని ఆట మధ్య దశకు చేరి, పుస్తకం ఇక దారి చూపని చోటికి వచ్చిన తరువాత, ఆయనతో వేగడం గొప్పవారికి సైతం కష్టమయ్యేది. పావులు పలచబడిన అంతిమ దశలో మరీ కష్టం. దేశీయ చదరంగంలో బంట్లు నెమ్మదిగా నడిచే ఆటను ఏళ్ళ తరబడి ఆడినందువల్ల, తొందరపడకుండా కొంచెం కొంచెంగా మెరుగుపరచుకునే ఓర్పు ఆయనకు అబ్బి వుంటుందని నేను ఊహిస్తాను.

1930-31 శీతాకాలంలో హేస్టింగ్స్ పోటీలో ఆయన ఎదుట కూర్చున్నది కాపాబ్లాంకా. 1921 నుండి 1927 వరకు ప్రపంచ విజేతగా వున్న క్యూబా దేశీయుడు. అతణ్ణి ఓడించడమే అరుదు. సుల్తాన్ ఖాన్ తెల్లపావులతో 65 ఎత్తులలో గెలిచాడు. ఆ ఆటలో కళ్ళు మిరుమిట్లు గొలిపే బలిదానాలు లేవు. ఒక్కొక్క గడే ఆక్రమిస్తూ, ఎదుటి పావులకు కదిలే చోటు లేకుండా చేశాడు. 1931లో పోలెండుకు చెందిన తర్తకోవర్‌ను పన్నెండు ఆటల పోటీలో ఒక్క పాయింటు తేడాతో ఓడించాడు. 1930, 1931, 1933 ఒలింపియాడ్‌లలో ఇంగ్లాండు తరఫున మొదటి బల్ల మీద ఆడాడు. 1932, 1933లలో మళ్ళీ బ్రిటిష్ చాంపియన్ అయ్యాడు. ఆ 1933లోనే, అదే హేస్టింగ్స్‌లో, బ్రిటిష్ మహిళా చాంపియన్‌షిప్‌ను గెలిచినది కూడా ఉమర్ హయాత్ ఖాన్ ఇంటి నుండి వెళ్ళిన ఫాతిమా అనే యువతి. ఆడపిల్లల తల్లిదండ్రులు ఆ పేరును గుర్తుంచుకోవాలని నా విన్నపం.

ఇదంతా ఆయన పూర్తి ఆరోగ్యంతో సాధించినది కాదు. మలేరియా వెంటాడేది. ఇంగ్లాండు చలికి జలుబు, గొంతునొప్పి విడిచేవి కావు, మెడకు గుడ్డలు చుట్టుకొని ఆటకు వచ్చేవాడు. గెలుస్తున్నాడో ఓడుతున్నాడో ఆయన ముఖం చూసి ఎవరూ పోల్చుకోలేకపోయేవారట. ఆయనను ‘నిరక్షరాస్యుడైన నౌకరు’గా చిత్రించి కథను మరింత వింతగా చెప్పడం పాశ్చాత్య రచయితలలో చాలాకాలం సాగింది. ఆ చిత్రణను ఆయన వంశస్థులు గట్టిగా ఖండించారు. ఆ ఖండన న్యాయమైనదే. మన వాని ప్రతిభను అద్భుతంగా చూపడానికి మన వాణ్ణి తక్కువ చేయనవసరం లేదు.

నేర్పు అంటే పుట్టుకతో వచ్చిన జ్ఞాపకశక్తి అని చాలామంది తల్లిదండ్రులు నమ్ముతారు. దీనిని పరీక్షించిన మనస్తత్వవేత్తలున్నారు. అమెరికాకు చెందిన ఛేజ్, సైమన్‌లు 1973లో ప్రచురించిన ప్రయోగం ప్రసిద్ధమైనది. నిజంగా జరిగిన ఆటలోని ఒక స్థితిని అయిదు సెకన్లు చూపి పావులు తీసివేస్తే, మేటి ఆటగాడు చాలా పావులను తిరిగి పెట్టగలిగాడు. కొత్తవాడు నాలుగైదు పావుల దగ్గర ఆగిపోయాడు. అవే పావులను అడ్డదిడ్డంగా చల్లి చూపితే, మేటికీ కొత్తవానికీ తేడా దాదాపు లేకుండా పోయింది. మేటి ఆటగానికి మామూలు మనిషి కంటే పెద్ద జ్ఞాపకశక్తి లేదు. వేల ఆటలలో చూసిన అమరికలు వుంటాయి. మనం ఒక పదాన్ని అక్షరం అక్షరంగా కాక ఒక్కసారిగా చదివినట్లు, అతడు బల్లను చదువుతాడు.

చదరంగం ఆడిస్తే లెక్కలలో మార్కులు పెరుగుతాయని ప్రకటనలు చూసి చేర్పించేవారికి మరొక మాట. ఇంగ్లాండులో వంద ప్రాథమిక పాఠశాలలతో జరిపిన పెద్ద అధ్యయనం 2016లో వెలువడింది. తొమ్మిది పదేళ్ళ పిల్లలకు ముప్ఫై గంటల చదరంగం నేర్పి, ఏడాది తరువాత పరీక్షిస్తే, లెక్కలలో వారికీ ఇతరులకూ తేడా కనిపించలేదు. చదరంగం చదరంగమే నేర్పుతుంది. నేర్చుకోదగిన విషయమనిపిస్తే అందుకే నేర్పించండి.

ఇక రేటింగు సంగతి. ఇళ్ళలో కన్నీళ్ళకు సగం కారణం ఈ నాలుగంకెల సంఖ్యే. అమెరికాలో భౌతికశాస్త్రం బోధించిన ఆర్పాడ్ ఎలో రూపొందించిన ఈ గణన పద్ధతిని ప్రపంచ చదరంగ సమాఖ్య 1970లో స్వీకరించింది. దానిలో ఎవరికీ స్థిరమైన విలువ లేదు. ఇద్దరు ఆటగాళ్ళ మధ్య తేడా ఎంత, దానిని బట్టి ఎవరు ఎన్ని పాయింట్లు తెచ్చుకోవచ్చు అన్నదే దాని లెక్క. మీ అబ్బాయి రేటింగు ఎదుటివాని కంటే 200 ఎక్కువ అనుకుందాం. అప్పుడు కూడా ఆ లెక్క ప్రకారం నూరు ఆటలలో అతనికి రావలసినవి సుమారు 76 పాయింట్లు. మిగిలిన 24 ఎదుటివానివే. అంటే, తన కంటే తక్కువ రేటింగు వున్నవాని చేతిలో అప్పుడప్పుడు ఓడిపోవడం ఆ సంఖ్యలోనే లెక్కకట్టి వున్నది. ‘అంత చిన్నవాని చేతిలో ఓడిపోయావా’ అని గద్దించే తండ్రికి ఆ సంఖ్య అర్థం కాలేదన్నమాట.

గుడివాడలో పుట్టిన కోనేరు హంపికి తండ్రే తొలి గురువు. 2002లో, పదిహేనేళ్ళ వయసులో, ఆమె గ్రాండ్‌మాస్టర్ అయింది. 2024 డిసెంబరులో న్యూయార్కులో జరిగిన ప్రపంచ మహిళల ర్యాపిడ్ పోటీలో మొదటి రౌండే ఓడిపోయింది. పదకొండు రౌండ్లు ముగిసేసరికి ఎనిమిదిన్నర పాయింట్లతో విజేతగా నిలిచింది. 2019లో గెలిచిన ఆ బిరుదు ఆమెకు రెండవసారి దక్కింది. మొదటి ఓటమికీ రెండవ ఆటకూ మధ్య ర్యాపిడ్ పోటీలో ఎక్కువ వ్యవధి వుండదు. ఆ కొద్ది వ్యవధిలో ఆమె పక్కన నిలిచి ఎవరైనా మూతి ముడుచుకుని వుంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

ఆ సోదరికి నేను వ్రాసిన సలహా చాలా చిన్నది. పెద్ద వ్యవధి ఆటలలో పిల్లలు ప్రతి ఎత్తునూ కాగితం మీద వ్రాస్తారు. ఓడిన ఆట కాగితాన్ని ఆ రోజు తీయకండి. పిల్లవాడు వుజూ చేసి నమాజు చదువుకోనివ్వండి, తిననివ్వండి, పడుకోనివ్వండి. మరునాడు బల్ల పరచి, దానిని తిప్పి పెట్టండి. పిల్లవాడు తనను ఓడించినవాని పావుల వైపు కూర్చోవాలి. ఒక్కొక్క ఎత్తు దగ్గర ఆగి, ‘నేను ఇది ఎందుకు వేశాను’ అని అతని తరఫున చెప్పాలి. తెలియని చోట తెలియదని చెప్పాలి. పిల్లవాని పావుల వైపు తండ్రి కూర్చోవాలి. ఆట రాని తండ్రి అయినా ఫరవాలేదు, కాగితంలో వున్న ఎత్తులు జరిపితే చాలు. ముప్ఫయ్యవ ఎత్తు దగ్గర, గడియారం పరుగెత్తుతుండగా, తన కొడుకు ఎంత ఇరుకులో కూర్చున్నాడో ఆ కుర్చీలో కూర్చున్నప్పుడే తెలుస్తుంది. గెలిచిన ఆటలకు కూడా ఇలాగే చేయండి. చాలా గెలుపులు ఎదుటివాని పొరపాటు పుణ్యమేనని పిల్లవాడే కనిపెడతాడు. ఓడినవాని ముందు ఎగిరి గంతులు వేసే అలవాటు వుంటే, ఆ తరువాత కొంత తగ్గవచ్చు.

సుల్తాన్ ఖాన్ 1933 డిసెంబరులో జమీందారుతో పాటు స్వదేశానికి తిరిగి వచ్చాడు. కొన్నాళ్ళకు పోటీ ఆటలు విడిచి తన భూముల మధ్య జీవించాడు. 1966లో సర్గోధాలో మరణించాడు. తన పిల్లలకు ఆయన చదరంగం నేర్పలేదు. జీవితంలో ఇంతకంటే ఉపయోగపడే పనేదైనా చేయమని వారికి చెప్పేవాడని ఆయన పెద్ద కుమారుడు తెలిపారు. కాపాబ్లాంకాను ఓడించినవాడు ఆ మాట ఎందుకు అన్నాడు? ఆట మీద విరక్తితోనా, ఆట తనకు ఇల్లు గడిచే మార్గం చూపలేదన్న వాస్తవంతోనా? ఈ మాట నన్ను చాలాసార్లు ఆలోచనలో పడవేసింది. పదవ తరగతి మానిపించి పిల్లవాణ్ణి పూర్తికాలం చదరంగంలో పెట్టాలని తలచే తండ్రులు కూడా దానిని కొంతసేపు ఆలోచించాలి. ప్రపంచ చదరంగ సమాఖ్య ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చినది 2024 ఫిబ్రవరిలో. అప్పటికి ఆయన చనిపోయి దాదాపు యాభై ఎనిమిదేళ్ళు.